కణితియు విల్లును

జూబిలీహిల్సు చెంత ఫిల్మునగరున నిర్మింపఁబడు చిత్రములలో బాణము ఎంతదూరమైనను బోయి గుఱిఁ దాఁకును. అడవిలో నట్లు గాదు. హైదరాబాదునకు దక్షిణమున నల్లమల చెంచులు విల్లుతో వేఁటాడిన దినములలో మృగమునకు మిక్కిలి చేరువకుఁ బోవలసియుండెను.

మన దేశపు దుప్పిజాతులలో నెల్లఁ బెద్దది కణితి. దీనినే సాంబరు అందురు. పూర్వము సింహళమునందలి ఆంగ్లేయులు దీనిని ఎల్కు అని పిలిచిరి. అమెరికా పడమటి కొండల ఎల్కు వేఱు, అయినను దీనికిఁ జుట్టమే.

పోతు కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. అవి గట్టిపడిన పిదప, సాధారణముగా చలికాలమున, ఎదకాలము వచ్చును. అప్పుడు పోతు బురదలోఁ బొరలును. కొమ్ములతో చెట్ల బెరడు రాచును. తోడి పోతులతోఁ బోరును. మనుష్యుని వాసన సోఁకినంతనే పాఱిపోవు నీ మృగము ఆ దినములలో కొంత ఏమఱియుండును. అమెరికా విలుకాండ్రు ఎదకాలమున ఎల్కు కూఁతను అనుకరించి దానిని దాపునకు రప్పింతురు.

బాలురారా, ఇచట నొక సంగతి గమనింపుఁడు. బాణము నెత్తురు కార్చి చంపును. ఊపిరితిత్తులఁ దాఁకక తొడకుఁ దగిలెనా, మృగము గాయముతోఁ బాఱి చిరకాలము బాధపడును. కావున చేరువకుఁ బోవుట నేర్పు మాత్రమే గాదు, దయయు నగును. సందేహమున్నచో బాణము విడువకుండుటయే మేలని నా తలంపు.

1972వ సంవత్సరపు చట్టము ననుసరించి కణితివేఁట నేఁడు నిషిద్ధము. 1983లో నల్లమలలోఁ బెద్దభాగము పులుల సంరక్షణక్షేత్రమయ్యెను. కణితి పులికి ముఖ్యాహారము. వేఁటలో నేర్చిన జాడపట్టు విద్యతోనే పలువురు చెంచులు నేఁడు అటవీశాఖవారి కావలిపనిలో నున్నారు.