క్లచ్ ప్లేటు అరిగిందా?

లారీ నిండా లోడు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను గట్టిగా అరిచింది. బండి మాత్రం లాగలేదు. కాలిన వాసన వచ్చింది.

"క్లచ్ ప్లేటు పోయిందమ్మా. గేరుబాక్సు దించాలి" అన్నాడు మేస్త్రి.

లారీ మీదైతే డబ్బు కట్టేది మీరే. అందుకే ఆ ప్లేటు సంగతి తెలుసుకుందాం.

ఇంజను వెనక ఫ్లైవీలు అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతుంది. దాని వెనక ప్రెషర్ ప్లేటు ఉంటుంది. ఆ రెండింటి నడుమ క్లచ్ ప్లేటు ఉంటుంది. స్ప్రింగులు దాన్ని అదిమి పడతాయి. అప్పుడే ఇంజను బలం చక్రాలకు పోతుంది. పెడలు తొక్కితే పట్టు వదులుతుంది. ప్లేటుకు రెండు వైపులా లైనింగు ఉంటుంది. చెప్పు అడుగు అరిగితే తడి నేల మీద కాలు జారదా? ఇదీ అంతే.

అయితే జారిన ప్రతిసారీ ప్లేటు మార్చనక్కరలేదు. "మేస్త్రీ, పెడల్ ప్లే చూశారా?" అని ముందు అడగండి. పెడలు నొక్కగానే మొదట కొంచెం వదులుగా దిగాలి. ఆ వదులు లేకపోతే, కాలు పెట్టకున్నా క్లచ్ కాస్త తొక్కినట్టే ఉంటుంది. లైనింగు బాగున్నా జారుతుంది. చాలా బండ్లలో నట్టు తిప్పి దీన్ని సరిచేస్తారు.

అప్పటికీ జారితే ఒక పరీక్ష ఉంది. బండి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. చక్రాలకు రాళ్ళు పెట్టి, బ్రేకు గట్టిగా వేయాలి. ఇంజను నడుస్తుండగా పెద్ద గేరు వేసి, డ్రైవరు క్లచ్ మెల్లగా వదలాలి. ప్లేటు బాగుంటే ఇంజను ఆగిపోతుంది. తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టు. వెంటనే ఇంజను ఆపేయాలి. పదే పదే చేస్తే మిగిలిన లైనింగూ కాలిపోతుంది.

గేరుబాక్సు దించేటప్పుడు దగ్గర ఉండండి. పాత ప్లేటు చూపించమనండి. లైనింగు రివిట్ల దాకా అరిగితే ప్లేటు పని అయిపోయింది. నూనె అంటి ఉంటే మాత్రం తప్పు ప్లేటుది కాదు. ఆయిల్ సీలు కారుతోంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ తడుస్తుంది. మళ్ళీ గేరుబాక్సు దించాలి. మళ్ళీ కూలి ఇవ్వాలి. అనవసరంగా డబ్బు పోయేది ఇక్కడే.

ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడా అప్పుడే చూడాలి. ఫ్లైవీలు మీద లోతు గీతలు పడితే లేతు షాపుకు పంపాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత ప్లేటుకే కొత్త లైనింగు వేస్తారు. అది చవక. కానీ ప్లేటు వంగి ఉంటే లైనింగు వేయించినా లాభం లేదు.

లోపలి దుమ్మును ఊదనీయకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. ఆ దుమ్ము పడిన బట్టలు విడిగా ఉతకండి.

బిల్లులో ప్లేటు, సీలు, బేరింగు, కూలి వేరువేరుగా రాయించుకోండి. కూడబలుక్కునైనా మీరే చదవండి. తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి.

డ్రైవరుకూ ఒక మాట చెప్పండి. పెడలు మీద కాలు ఆనించి బండి నడపవద్దు. ఎత్తు మీద ఆగాలంటే బ్రేకు వేయాలి.