అంకెల హారం: 12345654321

ముందుగా ఒక గుణకారం చేయండి. 27994681 ని 441 తో హెచ్చించాలి. కాగితం మీద చేస్తేనే దీని రుచి తెలుస్తుంది కాబట్టి కాలిక్యులేటరును పక్కన పెట్టండి.

జవాబు 12345654321 వచ్చిందా? ఎటునుంచి చదివినా ఒకటే!

ఈ లెక్క చాలా పాతది. శంషాబాదు దగ్గరి మామిడిపల్లి నుంచి పడమటికి బయలుదేరి, తాండూరు, సేడం దాటితే కర్ణాటకలో మాల్ఖేడ్ అనే ఊరు వస్తుంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే. అక్కడ అమోఘవర్షుడు రాజ్యం చేసిన 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం' రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన 11వ శతాబ్దం వాడని పండితులు అంటారు. తెలుగులో లెక్కల పుస్తకానికి అంత వయసుందన్నమాట!

మహావీరుడు ఇటువంటి లబ్ధాలను మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు. మన సంఖ్యనయితే, ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, వరుసగా దిగేదని రూపాన్నిబట్టే చెప్పాడు.

ఈ హారం ఎలా తయారయింది? 111111 ని 111111 తో గుణించి చూడండి. ఆరు వరుసలు వస్తాయి. అన్నీ ఒకట్లే. ప్రతి వరుసా పై వరుసకంటే ఒక స్థానం ఎడమకు జరుగుతుంది. ఇక నిలువునా కూడండి. కుడి చివర ఒకే ఒకటి, పక్కన రెండు, ఆ పక్కన మూడు... నడుమ ఆరు, తర్వాత మళ్ళీ తగ్గుతాయి. అంతే!

మరి 441 ఎక్కడిది? 111111 = 111 × 1001. అందులో 111 అంటే 3 × 37. 1001 అంటే 7 × 11 × 13. ఈ అయిదు ప్రధాన సంఖ్యల్లో 3, 7 లను ఒక పక్కకు తీస్తే 21. మిగిలిన మూడింటి లబ్ధం 5291. ఇప్పుడు 21 వర్గం 441, 5291 వర్గం 27994681. లెక్క వేసినవాడు గుట్టు ఎక్కడ దాచాడో తెలిసిందిగా!

ఒకట్లు పెంచుకుంటూ పోతే హారం ఎంతవరకు నిలుస్తుంది? తొమ్మిది ఒకట్ల వర్గం 12345678987654321. పదో ఒకటి చేర్చామా, తెగుతుంది. నడిమి నిలువు వరుసలో మొత్తం పది వస్తుంది. సున్న వేసి ఒకటిని పక్క స్థానానికి పంపాలి. అక్కడున్న తొమ్మిది పది అవుతుంది. మళ్ళీ సున్న, మళ్ళీ ఒకటి. ఫలితం 1234567900987654321.

అంటే కారణాంకాలు సంఖ్య సొత్తు. దాన్ని ఏ గుర్తులతో రాసినా మారవు. హారం మాత్రం మనం పదుల లెక్కన రాయడం వల్ల వచ్చిన సొగసు. పన్నెండు అంకెలతో, పన్నెండేసి చొప్పున లెక్కించేవాళ్ళు ఎవరైనా ఉంటే వారి హారం పదకొండు ఒకట్ల దాకా తెగదు. ఎందుకో మీరే ఆలోచించండి.

ఇంకొకటి. తెగిన హారంలో ఎడమ సగం చూడండి: 12345679. ఎనిమిది జారిపోయింది! ఈ సంఖ్యను 9 తో గుణించి, ఏం వస్తుందో చూడండి. తర్వాత 18 తో, 27 తో.