ఇల్లు చూడటానికి అర్ధరాత్రి వెళ్లండి

ఇల్లు చూడటానికి మనం ఎప్పుడు వెళ్తాం? ఆదివారం పొద్దున, పదకొండు గంటలకు. ఎండ ఉంటుంది, గాలి ఆడుతుంటుంది, బ్రోకర్ ముందే వచ్చి కిటికీలన్నీ తెరిచి ఉంచుతాడు. ఈశాన్యం ఎలా ఉంది, మంజీరా నీళ్లు వస్తాయా, కారు ఎక్కడ పెట్టాలి అని అడుగుతాం. చివర్లో గొంతు కాస్త తగ్గించి "ఏరియా సేఫేనా?" అంటాం. "ఏం భయం లేదండీ, ఉండేదంతా ఫ్యామిలీలే" అంటాడు. అంతటితో విచారణ ముగుస్తుంది. ఇరవై ఏళ్ల ఈఎంఐకి ఆ ఒక్క జవాబే ఆధారం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఒక పేటను అంచనా వేసేటప్పుడు దొంగల భయానికి మనం మోతాదుకు మించి విలువ ఇస్తున్నాం, పీల్చే గాలిని అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు. దొంగతనం ఎప్పుడో జరుగుతుంది, జరగకపోనూవచ్చు. ఫ్యాక్టరీ వాసన మాత్రం వారంలో నాలుగు రాత్రులు పడకగదిలోకి వస్తుంది. దొంగను ఆపడానికి తాళం ఉంది, దీపం ఉంది, పక్కింటివాళ్లు ఉన్నారు. గాలిని ఆపేందుకు మన చేతిలో ఏముంది? అయినా మన మనసు ఎవరో చెప్పిన గొలుసు దొంగతనం కథను పదేళ్లు గుర్తుపెట్టుకుంటుంది, నిన్న రాత్రి వచ్చిన కంపును తెల్లారేసరికి మర్చిపోతుంది. కథగా చెప్పుకోగలిగిన ప్రమాదం మనకు పెద్దదిగా కనిపిస్తుంది. మంచి నిర్ణయాలు తీసుకోవాలనుకునేవారు ముందు ఈ బలహీనతను గుర్తించాలి.

హైదరాబాద్ వాయవ్య దిక్కునే చూడండి. బాచుపల్లి, ప్రగతినగర్, నిజాంపేట, మల్లంపేట. గచ్చిబౌలి ధరలు అందనివాళ్లకు, రోజూ హైటెక్ సిటీకి వెళ్లాల్సినవాళ్లకు ఇవి అనువైన చోట్లు. స్కూళ్లున్నాయి, ఆసుపత్రులున్నాయి, కొత్త అపార్ట్‌మెంట్లున్నాయి. కానీ ఈ ప్రాంతానికి ఒకవైపు బొల్లారం, కాజిపల్లి, బొంతపల్లి పారిశ్రామికవాడలు, ఇంకోవైపు జీడిమెట్ల. వీటిలో మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లు ఎన్నో. కాలుష్య తీవ్రతను బట్టి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చేసిన వర్గీకరణలో బల్క్ డ్రగ్ పరిశ్రమ రెడ్ కేటగిరీలోకి, అంటే కాలుష్యం అత్యధికంగా ఉండే వర్గంలోకి వస్తుంది.

పగలు వెళ్తే మీకేమీ తెలియదు. రాత్రి పదకొండు దాటాక వాసన మొదలవుతుంది. ఇలాంటి చోటికి కొత్తగా వచ్చిన కుటుంబం మొదట చేసే పని ఒకటుంది. గ్యాస్ లీకైందేమోనని మంచం మీద నుంచి లేచి వంటింట్లోకి పరుగెత్తుతారు. లైటు వేయకుండా, చీకట్లోనే తడుముకుంటూ రెగ్యులేటర్ ఆపేస్తారు. పొయ్యి నాబ్‌లు తిప్పి చూస్తారు. అంతా సరిగ్గానే ఉంటుంది. ఊపిరి పీల్చుకుందామని కిటికీ తీస్తారు, వాసన ఇంకా గుప్పుమంటుంది. అప్పుడు అర్థమవుతుంది, వచ్చేది లోపలి నుంచి కాదని.

ఆ అనుమానానికి కారణం ఉంది. సిలిండర్ గ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. గంధకం కలిసిన ఈ మెర్కాప్టాన్లు గాలిలో వంద కోట్ల భాగాల్లో ఒక భాగం ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. గంధకం కలిసిన మిగతా రసాయనాలూ చాలావరకు ఇంతే, రవ్వంత ఉన్నా ఊరంతా తెలుస్తాయి.

రాత్రిపూటే ఎందుకు? పగలు నేల వేడెక్కుతుంది, దానితోపాటే గాలీ వేడెక్కి పైకి పోతుంది, పొగలను, ఆవిరులను తనతో తీసుకుపోతుంది. రాత్రి నేల చల్లబడుతుంది. చల్లటి గాలి కింద, వెచ్చటి గాలి పైన ఉండిపోతాయి. కుండ మీద మూత పెట్టినట్టు కిందిగాలి కదలదు, అందులో కలిసింది ఎక్కడికీ పోదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇది మరీ ఎక్కువ. దీనికి తోడు, తనిఖీలు ఉండవని కొన్ని యూనిట్లు రాత్రిపూటే వదులుతాయన్నది స్థానికులు ఏళ్ల తరబడి చేస్తున్న ఆరోపణ.

గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకోవాలి. నైరుతి రుతుపవనాల కాలంలో హైదరాబాద్‌కు గాలి పడమటి వైపు నుంచి వస్తుంది, చలికాలంలో ఎక్కువగా తూర్పు నుంచి. అంటే జులైలో చూసి "బాగుంది" అనుకున్న ఇల్లు డిసెంబరులో బాగుంటుందన్న హామీ లేదు. రెండు పారిశ్రామికవాడల మధ్య ఉన్న పేటకైతే ఏ కాలం గాలి ఆ కాలపు వాసన తెస్తుంది. మ్యాప్‌లో ఇంటి చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల వృత్తం గీసి, అందులో ఏ దిక్కున ఏ ఫ్యాక్టరీ, ఏ డంపింగ్ యార్డ్ ఉందో రాసుకోండి. జవహర్‌నగర్ చెత్త గుట్టల కంపు దమ్మాయిగూడ, నాగారం దాకా ఎలా వస్తుందో ఆ వైపు ఉండేవాళ్లను అడిగితే చెబుతారు.

ఫోన్‌లో వాయు నాణ్యతా సూచీ ఆకుపచ్చగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఆ సూచీ లెక్కలోకి తీసుకునేది ఎనిమిది కాలుష్యకాలను మాత్రమే. సన్నటి ధూళి రెండు రకాలు, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మందుల ఫ్యాక్టరీల్లో వాడే టొలీన్, మిథనాల్ వంటి ద్రావణాల ఆవిరులు ఆ జాబితాలో లేవు. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా లేదు. అందుకే కంపు గుప్పుమంటున్నా సూచీ పచ్చగానే ఉండొచ్చు.

ఇక స్థానికుల మాట. "వాసన వస్తుందా?" అని వాచ్‌మన్‌ను అడిగితే "ఏం రాదు సార్" అంటాడు. అబద్ధం ఆడుతున్నాడని అనుకోవద్దు. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. నెలల తరబడి అక్కడే ఉన్నవాళ్లకు నిజంగానే పెద్దగా తెలియదు. అందుకని ప్రశ్న మార్చండి. "మీ ఇంటికి చుట్టాలొస్తే ఏమంటారు?" అని అడగండి. "రాత్రి కిటికీలు తీసి పడుకుంటారా?" అని అడగండి. ఇస్త్రీ బండి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, పాలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ల దగ్గర ఈ రెండు ప్రశ్నలు వేస్తే బ్రోకర్ నెల రోజుల్లో చెప్పనిది పది నిమిషాల్లో తెలుస్తుంది. రాత్రి పూట తలెత్తి చూడండి. చలికాలంలో సైతం అన్ని కిటికీలూ బిగించి ఏసీలు నడుపుతుంటే అదీ ఒక జవాబే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఘాటైన వాసనంతా విషం కాదు, వాసన లేనిదంతా క్షేమమూ కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు, ప్రాణం తీస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి, వాసన తగ్గిందని భ్రమ కలుగుతుంది. కాబట్టి ముక్కు చెప్పేది విచారణకు ఆరంభం మాత్రమే. అసలు తెలుసుకోవాల్సింది ఆ గోడ వెనుక ఏం తయారవుతోంది, ఏం నిల్వ ఉంది అన్నది.

విశాఖపట్నం ఈ పాఠాన్ని చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. ఊరు పెరిగి, ఇళ్లు ప్రహరీ దాకా వచ్చాయి. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్‌తో పని ఆగిపోయిన ఆ ప్లాంట్ ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరిన్ వేడెక్కి ఆవిరై బయటికొచ్చింది. నిద్రలో ఉన్న జనం మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. వీధి దీపాలు, తలుపు గొళ్లేలు, సీసీ కెమెరాలు ఆ రాత్రి ఎవరికీ అక్కరకు రాలేదు. అడ్వాన్స్ డబ్బు మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు చుట్టుపక్కల ఫ్యాక్టరీల మీద పెట్టినా ఎంతో మేలు.

అలాగని నేరాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. భయాన్ని పక్కనపెట్టి వివరం అడగమంటున్నాను. లైంగిక నేరాల వంటి సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లలో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీరు చూస్తున్న పేట ఏ పోలీసు స్టేషన్ కిందికి వస్తుందో కనుక్కుని నెల రోజుల కేసులు తిరగేయండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గొలుసులు, ఫోన్లు లాక్కెళ్లడం 304వ సెక్షన్, ఇళ్లలో చోరీ 305. కుటుంబ తగాదాలు, రోడ్డు ప్రమాదాలు, డబ్బు ఎగవేతలు పక్కనపెట్టి ఈ రకం కేసులు ఎన్ని, ఏ వీధుల్లో, ఏ వేళల్లో అని చూడండి. కేసులు ఎక్కువ నమోదయ్యాయంటే నేరాలు ఎక్కువని వెంటనే తీర్మానించొద్దు. ఫిర్యాదు తీసుకునే స్టేషన్ లెక్కలో ఎక్కువ కనిపిస్తుంది, తిప్పిపంపే స్టేషన్ లెక్కలో ప్రశాంతంగా కనిపిస్తుంది. సైబర్ మోసాల కేసులనూ లెక్కించొద్దు. ఆ మోసగాడికి మీరు ఏ కాలనీలో ఉంటే ఏమిటి? బంజారాహిల్స్‌లో ఉన్నవాళ్లకూ ఫోన్ చేస్తాడు.

వీధిని మీ కళ్లతో చూడండి. రాత్రి పదింటికి ఆటో దిగిన ఆడపిల్ల ఇంటిదాకా ఒంటరిగా నడవగలదా? మధ్యలో ఖాళీ ప్లాట్లెన్ని? దీపాలు వెలుగుతున్నాయా? ఆ వేళకు తెరిచి ఉన్న మెడికల్ షాపో, టిఫిన్ బండో ఒక్కటైనా ఉందా? జనం తిరిగే వీధికి మించిన కాపలా లేదు. ఇళ్లకు తాళం వేసి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చోరీలు జరుగుతాయి, నిజమే. స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల నిఘాకు కెమెరాలు పెట్టే ఏర్పాటు కూడా చేశారు. ఈ ప్రమాదాన్ని తగ్గించుకునే దారులు మన చేతిలో ఉన్నాయి.

మనసు నొచ్చినా ఒక మాట అనాలి. "మంచి ఏరియా కాదు" అని మనం పక్కన పెట్టే చోట్లలో చాలావాటికి నేరంతో సంబంధమే ఉండదు. పక్కన బస్తీ ఉందనో, వేరే మతంవాళ్లు ఎక్కువనో, మనవాళ్లు లేరనో అంటాం. ఆ దురభిప్రాయంతో మంచి గాలి వచ్చే ఇంటిని వదులుకుని, ఎత్తు గోడల గేటెడ్ కమ్యూనిటీలో ద్రావణాల ఆవిరి పీలుస్తూ "ఇక్కడ సేఫ్" అనుకుంటాం. పిల్లలు ఆ గాలిలోనే ఆడుకుంటారు. మన భయానికి ఆధారం కేసులా, మనుషులా అన్నది నిజాయితీగా తేల్చుకోండి. మనుషులే అయితే ఆ భయాన్ని తూకంలోంచి తీసేయండి.

ఇంట్లో భార్యాభర్తలు చెరో మాట మీద ఉంటే ఏం చేయాలి? ఆ ఇంట్లో ఎక్కువ గంటలు ఉండేవారి మాటే నెగ్గాలి. ఏసీ ఆఫీసులో పది గంటలు గడిపి వచ్చే మనిషికి వాసన చిన్న విషయం. పగలూ రాత్రీ అక్కడే ఉండే అమ్మమ్మకు, ఆయాసం ఉన్న తాతయ్యకు, పసిపిల్లకు అదే జీవితం. నైట్ షిఫ్ట్ చేసే అమ్మాయి ఉన్న ఇంట్లో మాత్రం వీధి భద్రతకే పెద్దపీట వేయాలి. అందరికీ ఒకే తూకం కుదరదు. ఇల్లు చూడకముందే మీ ఇంటికి రాజీ కుదరని విషయం ఏదో కాగితం మీద రాసుకోండి. ఇల్లు నచ్చాక రాసుకుంటే మనసు ఆ ఇంటికి తగ్గట్టే రాయిస్తుంది.

ఇప్పటికే అలాంటిచోట కొనేసినవారు, మారే స్తోమత లేనివారు ఎందరో. వాళ్లకు "ముందే చూసుకోవాల్సింది" అని చెప్పడం క్రూరత్వం. పీల్చే గాలి అడుక్కునేది కాదు, హక్కు. ఒక్కరు ఫిర్యాదు చేస్తే ఫైలులో పడుతుంది, అసోసియేషన్ మొత్తం చేస్తే అధికారి కదులుతాడు. తేదీ, సమయం, వాసన ఎలా ఉంది, గాలి ఎటు నుంచి, ఎవరికి కళ్లు మండాయి, ఎవరికి వాంతి వచ్చింది, అన్నీ నోటుబుక్కులో రాయండి. పది అపార్ట్‌మెంట్ల నోటుబుక్కులు పక్కపక్కన పెడితే వాసన ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపిస్తుంది. కాలుష్య నియంత్రణ మండలికి కంపు వచ్చిన రాత్రే, ఆ గంటలోనే ఫోన్ చేయండి. తెల్లారాక చేస్తే ఎండకు గాలి పైకి లేచిపోతుంది, వచ్చిన అధికారికి నమూనా తీయడానికి ఏమీ మిగలదు.