ఎత్తైన ఊళ్లకు రైలా? విమానమా?

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, వచ్చే మే నెలలో లేహ్, పాంగాంగ్ సరస్సు చూసి రావాలనుకుంటున్నాం. మావారు హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో వెళ్దామంటున్నారు. మా నాన్నగారేమో "ఒక్కసారిగా అంత ఎత్తులో దిగితే ఊపిరాడదు, రైల్లో నెమ్మదిగా వెళ్తే ఒంటికి అలవాటవుతుంది" అంటున్నారు. ఆయనకు 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి కానీ మందులతో అదుపులోనే ఉన్నాయి. మా పాపకు తొమ్మిదేళ్లు. ఎలా వెళ్తే మంచిది?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నెమ్మదిగా వెళ్లాలన్న మీ నాన్నగారి మాట నిజమేనమ్మా. అయితే ఆ నెమ్మది దారిలో ఎక్కడ ఉండాలన్నది ముఖ్యం. గుంటూరు నుంచి జమ్మూ దాకా రెండు రోజులు రైల్లో కూర్చున్నా, ఎత్తుకు అలవాటుపడే లెక్కలో ఆ రెండు రోజులకూ విలువ లేదు. దారి దాదాపుగా మైదానమే. జమ్మూ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్లు. మన హైదరాబాదే అంతకంటే ఎత్తులో ఉంది. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. అక్కడికి చేరే ముందు 2,500 – 3,000 మీటర్ల మధ్య మీరు ఎన్ని రాత్రులు నిద్రపోయారన్నదే మీ ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుంది.

కొండల మీద గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కడైనా అది 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులకు మించదు. అందువల్ల పీల్చిన ప్రతి ఊపిరిలోనూ ఒంటికి అందే ఆక్సిజన్ అదే లెక్కన తగ్గుతుంది. ఈ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది, ఒంట్లోని అదనపు నీటిని మూత్రంగా పంపేస్తుంది, తర్వాత ఎర్ర రక్తకణాల తయారీని పెంచుతుంది. ఈ పనులకు రోజులు పడతాయి. ఆ వ్యవధి ఇవ్వకపోతే వచ్చేదే అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం దీని లక్షణాలు. పైకి చేరిన 6 నుంచి 24 గంటల్లోపు ఇవి బయటపడతాయి.

ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నర లోపే లేహ్‌లో దిగుతారు. దిగగానే బాగానే ఉంటుంది. ఆ ధీమాతోనే చాలామంది అదే రోజు బజారుకూ, శాంతి స్తూపం మెట్లెక్కడానికీ బయలుదేరతారు. తలనొప్పి ఆ రాత్రికి మొదలవుతుంది.

ఈ పాఠం మన సైన్యం చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి వేలాది జవాన్లను విమానాల్లో నేరుగా హిమాలయాలకు తరలించారు. అలా పైకి వెళ్లి జబ్బుపడిన 1,925 మంది వివరాలను ఇందర్ సింగ్, ఆయన సహచర సైనిక వైద్యులు 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఈనాటికీ ఈ జబ్బు గురించి రాసేవారు ఆ వ్యాసాన్ని ప్రస్తావిస్తారు. ఇప్పుడు లేహ్ ఎత్తుకు చేరే జవానుకు ముందు ఆరు రోజుల వ్యవధి ఇస్తారు. అందులో మొదటి రెండు రోజులూ పూర్తి విశ్రాంతి. ఇరవై ఏళ్ల జవానుకే అంత వ్యవధి కావాలంటే 64 ఏళ్ల పెద్దాయన విషయంలో తొందర ఎందుకు?

మీ కుటుంబానికి నా సలహా: వెళ్లేటప్పుడు శ్రీనగర్ మీదుగా రోడ్డు దారి, వచ్చేటప్పుడు లేహ్ నుంచి విమానం. కిందికి ఎంత వేగంగా దిగినా ఈ జబ్బు రాదు.

శ్రీనగర్ ఎత్తు సుమారు 1,585 మీటర్లే కాబట్టి అక్కడికి రైల్లో వెళ్లినా, విమానంలో వెళ్లినా ఒకటే. 2025 జూన్ నుంచి కట్రా – శ్రీనగర్ మధ్య వందేభారత్ రైలు నడుస్తోంది. విజయవాడ మీదుగా కట్రా వెళ్లే రైళ్లూ ఉన్నాయి. రెండు రోజులు కూర్చుంటే నడుం నొప్పి, కాళ్ల వాపు వచ్చే పెద్దవాళ్లయితే శ్రీనగర్ దాకా విమానంలో వెళ్లడమే నయం. రైల్లోనే వెళ్తే నాన్నగారు రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు నడవాలి.

శ్రీనగర్‌లో ఒకటి రెండు రాత్రులు, సోనామార్గ్‌లో ఒక రాత్రి, కార్గిల్‌లో ఒక రాత్రి ఉండండి. సోనామార్గ్, కార్గిల్ రెండూ 2,700 మీటర్లకు కాస్త అటూ ఇటూ. దారిలో జోజిలా, ఫోటూలా కనుమలు దాటుతారు. ఫోటూలా ఎత్తు 4,108 మీటర్లు. అక్కడ ఫొటోలు తీసుకుని దిగిపోతారు కాబట్టి భయం లేదు. పగలు ఎక్కిన ఎత్తు కంటే రాత్రి పడుకునే ఎత్తే ముఖ్యం. మనాలీ దారి మీకు వద్దు. ఆ దారిలో చాలామంది రాత్రి బస చేసే సర్చూ ఎత్తు 4,290 మీటర్లు. అంటే లేహ్ కంటే ఎత్తులో, ఇంకా అలవాటుపడని ఒంటితో పడుకోవాలి.

సెలవులు చాలక విమానమే ఎక్కాల్సి వస్తే, లేహ్‌లో మొదటి 48 గంటలు గది, భోజనం, విశ్రాంతి అంతే. మూడో రోజు ఊళ్లో తిరగండి. తర్వాత నుబ్రా లోయకు వెళ్లండి. దారిలోని ఖార్దుంగ్లా ఎత్తు 5,359 మీటర్లయినా, నుబ్రాలో పడుకునే ఊళ్లు లేహ్ కంటే దిగువన ఉంటాయి. 4,250 మీటర్ల ఎత్తున్న పాంగాంగ్‌ను చివరికి పెట్టుకోండి. అక్కడ రాత్రి బస మానుకుని పగలు చూసి వచ్చేస్తే నాన్నగారికీ పాపకూ మంచిది.

ఎసిటజోలమైడ్ మాత్ర, అందరూ డయమాక్స్ అనేది, ఈ జబ్బు రాకుండా కాపాడుతుంది. పెద్దవాళ్లకు మామూలు మోతాదు 125 మి.గ్రా. ఉదయం, సాయంత్రం. పైకి వెళ్లడానికి ఒక రోజు ముందు మొదలుపెట్టి, చేరాక రెండు రోజుల దాకా వాడాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బున్నవారు తమ డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. పిల్లలకు బరువును బట్టి మోతాదు మారుతుంది.

నాన్నగారు బయలుదేరే ముందు ఈసీజీ తీయించుకుని, తమ డాక్టర్‌తో మాట్లాడాలి. నాలుగడుగులకే ఆయాసం, నడిస్తే ఛాతీలో బరువు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. మొదటి రోజుల్లో బీపీ కొంత పెరుగుతుంది కాబట్టి మాత్రలు మానకూడదు. ఇన్సులిన్ వాడుతుంటే విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోవాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. పాప తనకు తలనొప్పిగా ఉందని సరిగ్గా చెప్పలేకపోవచ్చు. అన్నం వద్దన్నా, ఊరికే చిరాకుపడినా, ఆటలు మానేసి పడుకున్నా అనుమానించండి.

ఈ మూడు సూత్రాలూ ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకోండి:

1. ఎత్తులో తలనొప్పి వస్తే, మరో కారణం తేలేదాకా అది ఎత్తు వల్లే అనుకోవాలి.
2. లక్షణాలుండగా ఇంకా పైకి వెళ్లకూడదు.
3. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే, లేదా ముదురుతుంటే, ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి.

కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీరంగు నురగ కఫం కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఇది ఎక్కువగా రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు వస్తుంది. తూలుతూ నడవడం, మాట తడబడటం, మగత ఉంటే మెదడు వాస్తోందని అర్థం. అనుమానం వస్తే గీత మీద ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించి అడుగులు వేయించండి. తూలిపోతే అది అత్యవసరం. ఈ రెండిట్లో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకండి. ఆక్సిజన్ పెట్టించి, వెంటనే కిందికి తీసుకురండి.

ప్రశ్న: నేను చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. సెలవుల్లో స్నేహితులతో టిబెట్‌లోని లాసాకు వెళ్తున్నాను. రైలు పెట్టెల్లోనే ఆక్సిజన్ ఇస్తారు కాబట్టి విమానం కంటే రైలే క్షేమం అంటున్నారు. నిజమేనా?
— ఒక వైద్య విద్యార్థి

జవాబు: కొంతవరకే నిజం. గోల్ముద్ – లాసా మార్గం 2006 జులై 1న మొదలైంది. దాని పొడవు 1,142 కిలోమీటర్లు. అందులో 960 కిలోమీటర్ల దాకా 4,000 మీటర్ల పైనే సాగుతుంది. టంగులా కనుమ దగ్గర పట్టాలు 5,072 మీటర్ల ఎత్తుకు చేరతాయి. లాసా ఎత్తు సుమారు 3,650 మీటర్లు. అంటే మీరు చేరబోయే ఊరికంటే ఎంతో ఎత్తులో గంటల తరబడి ప్రయాణిస్తారు. ఆ ఎత్తులో ప్రయాణికులు జబ్బుపడకుండా చూడటానికే పెట్టెల్లోకి అదనపు ఆక్సిజన్ వదులుతారు. ఎవరికి వారు గొట్టం తగిలించుకునే ఏర్పాటూ ఉంటుంది. అది రక్షణే, కానీ అలవాటు కాదు. ఆక్సిజన్ అందుతున్నంతసేపూ శరీరానికి సర్దుకోవాల్సిన అవసరం తక్కువ. గోల్ముద్ కంటే ముందు వచ్చే షినింగ్ నగరం నుంచి రైల్లో లాసాకు దాదాపు 21 గంటలే. ఆ ఒక్క రాత్రితో శరీరం పూర్తిగా సిద్ధం కాదు. పైగా దారిలో జబ్బు ముదిరితే వెంటనే కిందికి దిగే వీలుండదు.

విమానం ఆ పాటి వ్యవధి కూడా ఇవ్వదు. 3,570 మీటర్ల ఎత్తున్న విమానాశ్రయంలో నేరుగా దింపేస్తుంది. రెండిట్లో రైలుది కొద్దిపాటి పైచేయి. అసలు లాభం షినింగ్‌లో ఆగడం వల్ల వస్తుంది. ఆ ఊరి ఎత్తు సుమారు 2,260 మీటర్లు. అక్కడ రెండు మూడు రాత్రులు ఉండండి. 3,200 మీటర్ల ఎత్తున్న చింగ్‌హాయ్ సరస్సు పగలు చూసి, రాత్రికి షినింగ్‌కే వచ్చి పడుకోండి. ఆ తర్వాత రైలెక్కినా, విమానమెక్కినా ముప్పు బాగా తగ్గుతుంది. లాసాలో మొదటి రెండు రోజులు మెల్లగా తిరగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. అవి రాత్రి ఊపిరిని మందగింపజేస్తాయి. జ్వరం, దగ్గు ఉంటే తగ్గాకే బయలుదేరండి.

ప్రశ్న: మా అబ్బాయికి సికిల్ సెల్ ట్రెయిట్ ఉందని పరీక్షలో తేలింది. ఏ ఇబ్బందీ లేదు. కాలేజీ స్నేహితులతో విమానంలో లేహ్ వెళ్తానంటున్నాడు. పంపవచ్చా?
— ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: విమానం లోపల గాలి ఒత్తిడి 1,800 – 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టుగా ఉంటుంది. ట్రెయిట్ ఉన్నవారికి, అంటే వ్యాధి లేకుండా దాని జన్యువు ఒక్కటే ఉన్నవారికి, దానివల్ల సాధారణంగా ఇబ్బంది రాదు. జాగ్రత్త కావాల్సింది దిగాకే. ఆక్సిజన్ తగ్గిన చోట, ముఖ్యంగా ఒళ్లు అలిసినా, నీళ్లు చాలకపోయినా, ట్రెయిట్ ఉన్న కొద్దిమందిలో ప్లీహానికి రక్తం అందక అది దెబ్బతింటుంది. ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వస్తే గ్యాస్ అనుకోకూడదు. ఆస్పత్రికి వెళ్లి తనకు ట్రెయిట్ ఉన్న సంగతి చెప్పాలి. మీ వాడు వెళ్లవచ్చు. పైన చెప్పినట్టు విశ్రాంతి తీసుకోవాలి, ట్రెక్కింగ్ వద్దు. ట్రెయిట్ కాక సికిల్ సెల్ వ్యాధే ఉన్నవారు మాత్రం లేహ్ వంటి చోట్లకు వెళ్లకూడదు. ఏజెన్సీ ప్రాంతాల్లో 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్షలు చేస్తున్నారు. ఇంట్లో మిగతావారూ చేయించుకోండి.

ప్రశ్న: కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లేవాళ్లు కర్పూరం, చిన్న ఆక్సిజన్ డబ్బాలు తీసుకెళ్తుంటారు. పనిచేస్తాయా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కర్పూరం వాసనకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది తప్ప రక్తంలో ఆక్సిజన్ పెరగదు. పిల్లలు మింగితే మూర్ఛ రావచ్చు కాబట్టి వారికి అందనివ్వకండి. ఆ చిన్న డబ్బా నిమిషాల్లో ఖాళీ అవుతుంది. దాన్ని నమ్ముకుని కిందికి దిగడం ఆలస్యం చేయడమే పెద్ద ప్రమాదం. కేదార్‌నాథ్‌కు హెలికాప్టర్‌లో వెళ్లేవారు నిమిషాల్లో 3,583 మీటర్లకు చేరతారు. విమానంలో లేహ్ వెళ్లేవారికి చెప్పిన జాగ్రత్తలన్నీ వీరికీ వర్తిస్తాయి. దర్శనం చేసుకుని అదే రోజు దిగిరావడం మేలు.

ఈ సెలవుల్లో కొండలకు బయలుదేరేవారందరికీ నా విన్నపం ఒక్కటే. టికెట్లు తీసుకునే ముందు ఒక కాగితం మీద ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో, ఆ ఊరి ఎత్తెంతో రాసుకోండి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ తేడా 500 మీటర్లు మించుతుంటే, మధ్యలో ఇంకో రాత్రి చేర్చండి. దానివల్ల పెరిగే ఖర్చు ఒక్క రోజు హోటల్ గది అద్దె.