బలవంతపు మంచితనం మంచితనమేనా? జాన్ లాక్ లేఖకు ఒక స్పందన

75 శాతం అటెండెన్స్ రూల్ పెడితే అందరం వచ్చి క్లాసులో కూర్చుంటాం. కానీ సబ్జెక్టు మీద ఇష్టం ఆ రూల్ వల్ల పుడుతుందా? ఇదే ప్రశ్నను మతం విషయంలో అడిగిన రచన ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ రాసిన మత సహనం లేఖ. లాటిన్‌లో రాసిన ఈ లేఖ 1689లో అచ్చయింది. అందులో నేను ఎక్కడ ఒప్పుకుంటానో, ఎక్కడ ఒప్పుకోలేనో ఇక్కడ చెప్తాను.

ముందు ఆ కాలం సంగతి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ దేశమంతా కాథలిక్ శాఖ ఒక్కటే ఉండాలనుకున్నాడు. 1681 నుంచి ప్రొటెస్టెంట్ల ఇళ్లలో సైనికుల్ని దించారు. ఇంటివాళ్లు మతం మారేదాకా వాళ్లు అక్కడే తింటూ, దోచుకుంటూ, వేధించేవాళ్లు. ప్రొటెస్టెంట్లకు 1598 నుంచి ఉన్న హక్కుల్ని 1685లో రాజు రద్దు చేశాడు. సుమారు 2 లక్షల మంది దేశం వదిలి పోయారని అంచనా. మిగిలినవాళ్లలో చాలామంది కాగితం మీద కాథలిక్కులయ్యారు. కొండప్రాంతాల్లో రహస్యంగా పాత ప్రార్థనలే చేసుకున్నారు. అప్పట్లో లాక్ కూడా హాలండ్‌లో ప్రవాసంలో ఉన్నాడు. లేఖ అక్కడే రాశాడు.

ఆయన వాదం సూటిగా ఉంటుంది. ప్రభుత్వం చేతిలో ఉన్నది బలం. బలంతో జరిమానా కట్టించొచ్చు, జైల్లో పెట్టొచ్చు. నమ్మకం మాత్రం మనసు ఒప్పుకుంటేనే వస్తుంది. కత్తి చూపిస్తే వచ్చేది భక్తి కాదు, నటన.

1690లో జోనాస్ ప్రోస్ట్ అనే ఆక్స్‌ఫర్డ్ మతాచార్యుడు దీనికి గట్టిగానే ఎదురు చెప్పాడు. బలం నేరుగా నమ్మకాన్ని ఇవ్వకపోయినా, మొండివాణ్ణి కూర్చోబెట్టి ఆలోచింపజేయొచ్చు కదా అన్నాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. అటెండెన్స్ కోసం వచ్చి, వింటూ వింటూ సబ్జెక్టుని ఇష్టపడ్డవాళ్లు మనలోనూ ఉంటారు. లాక్ తిరిగి అడిగాడు: మరి శిక్ష ఎవరికి పడుతోంది? రాజు మతంలో ఏమీ ఆలోచించకుండా ఉన్నవాడి జోలికి ఎవరూ పోరు. బాగా ఆలోచించి వేరే దారి పట్టినవాడికే శిక్ష. అంటే వాళ్లకు కావలసింది ఆలోచన కాదు, లొంగుబాటు.

నేను ఇంకో అడుగు ముందుకేస్తాను. బలంతో నమ్మకం తెప్పించగలమనే అనుకుందాం. అప్పుడూ అది తప్పే. అబద్ధం చెప్పే వీలుండి కూడా నిజం చెప్పినవాణ్ణే నిజాయితీపరుడంటాం. స్వేచ్ఛ ఇస్తే జనం చెడిపోతారని మత తీవ్రవాదులంటారు. కొందరు చెడిపోతారు, నిజమే. కానీ స్వేచ్ఛ తీసేస్తే చెడుతో పాటు మంచిని ఎంచుకునే వీలు కూడా పోతుంది. మిగిలేది భయం. అది తగ్గకుండా ఉండాలంటే సైనికులు ఇంట్లోనే ఉండాలి.

అలాగని మతం పేరుతో ఏం చేసినా చెల్లుతుందా? చెల్లదు. బయట నేరమైనది ప్రార్థనా స్థలంలోనూ నేరమే అని లాక్ స్పష్టంగా చెప్పాడు. పసిబిడ్డను బలి ఇవ్వడాన్ని ఏ మతం పేరుతోనూ ఒప్పుకోనక్కర్లేదు. చట్టం చూడాల్సింది ఎవరికైనా హాని జరిగిందా అని, ఎవరు ఏం నమ్ముతున్నారని కాదు.

ఇక నా పేచీ. దేవుణ్ణి నమ్మనివాళ్లకు ఈ సహనం వర్తించదన్నాడు లాక్. వాళ్ల మాటలు, ప్రమాణాలు నిలబడవని ఆయన భయం. నమ్మకం బలంతో రాదని చెప్పిన మనిషే, అది లేనివాణ్ణి గడప బయట నిలబెట్టాడు. మాట మీద నిలబడతాడా లేదా అన్నది మనిషి నడవడిలో తెలుస్తుంది, ప్రార్థనలో కాదు. ఈ విషయంలో మన రాజ్యాంగం ఆయన్ని దాటి వెళ్లింది. 25వ అధికరణ మతాన్ని అవలంబించే హక్కు కన్నా ముందు అంతరాత్మ స్వేచ్ఛను పేర్కొంది, అదీ అందరికీ సమానంగా.

ప్రోస్ట్ వైపు నిలబడి వాదించగలవాళ్లు మన క్లబ్‌లో ఉంటే, వచ్చే సంచికకు తప్పకుండా రాయండి. చదవాలని ఉంది.