పాఠప్రణాళిక – మూడు మార్గములు

వాక్యభాగము: లూకా 10:25–37

సండేస్కూలు ఉపాధ్యాయుడు సాధారణముగా "ఈ వారము ఏ కథ చెప్పవలెను?" అని ఆలోచించును. ఈ ప్రశ్న అవసరమే గాని చాలదు. మంచి సమరయుని కథను తప్పులేక అప్పగించి బహుమానము పొందిన బాలుడు ఇంటిదారిలో కుంటివానిని వెక్కిరించినయెడల, అతడు ఆ పాఠమును నేర్చుకొనెనా? ఇందునుబట్టి విద్యావేత్తలు చూపిన మూడు మార్గములను పోల్చి చూచుట మేలు.

మొదటిది, జర్మను తత్త్వవేత్త హెర్బార్టు (1776–1841) భావముల ననుసరించి ఆయన అనుయాయులు రూపొందించిన ఐదు మెట్ల పద్ధతి: సిద్ధపాటు, పాఠప్రదర్శనము, పోలిక, సామాన్యీకరణము, అన్వయము. ఇది తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపించును. అయితే మెట్లన్నియు ఉపాధ్యాయుడే యెక్కి, పిల్లలు వినుచు కూర్చుండు ప్రమాదము కలదు.

రెండవది, 1975లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయము సైనిక శిక్షణకొరకు సిద్ధపరచిన విధానమునుండి వ్యాపించిన 'ఆడీ' పద్ధతి: విశ్లేషణ, రూపకల్పన, తయారీ, నిర్వహణ, మూల్యాంకనము. నేర్చుకొనువారి స్థితిని ముందుగా తెలిసికొనుట దీని బలము. చదువురాని పిల్లకు వ్రాతపరీక్ష పెట్టుట న్యాయము కాదు. ఈ పద్ధతికి సమయము ఎక్కువ పట్టును గనుక, ఒక్క ఆదివారపు పాఠముకంటె ఏడాది పాఠక్రమమునకు ఇది తగియున్నది.

మూడవది, 1998లో విగ్గిన్స్, మెక్‌టై అనువారు తమ గ్రంథములో వివరించిన పద్ధతి. ఇది గమ్యమునుండి వెనుకకు నడచును. పిల్లలు ఏమి గ్రహింపవలెను? గ్రహించిరని దేనివలన తెలియును? ఈ రెండును నిర్ణయించిన తరువాతనే కథను, పటమును, ఆటను ఎన్నుకొనవలెను. కంఠస్థమును గ్రహింపుగా ఎంచు పొరపాటును ఇది సరిదిద్దును.

ప్రభువు ధర్మశాస్త్రోపదేశకునితో వ్యవహరించిన రీతిని గమనించుడి. అతడెరిగిన ధర్మశాస్త్రముతోనే ఆయన ఆరంభించెను. కథ ముగియగానే తీర్పు తానే చెప్పక అతనిచేతనే చెప్పించెను. పిమ్మట అట్లు చేయుమని పంపెను. క్రియయే ఆ పాఠమునకు గమ్యము.

ఏ పద్ధతియు హృదయమును మార్చజాలదు. నాటుట, నీళ్లు పోయుట మనుష్యుని పని, వృద్ధి దేవునిది (1 కొరింథీ 3:6). అయినను నాటువాడు అజాగ్రత్తగా నాటుటకు అది సాకు కాదు.

ఆలోచించుటకు:
1. వచ్చు ఆదివారపు పాఠము విని పిల్లలు ఏమి చేయవలెను?
2. వారు చేసిరని ఎట్లు తెలియును?
3. తరగతిలో వెనుకబడిన బిడ్డ ఎవరు?