పాలపన్ను నుంచి నాడీకణం దాకా

పాలపన్ను ఊడితే మనం ఏం చేస్తాం? చాలా ఇళ్లలో దాన్ని పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు. కొత్త పన్ను త్వరగా, గట్టిగా రావాలని పెద్దల కోరిక. ఊడిన పన్నుతో ఇక పని లేదనుకుంటాం. కానీ అప్పుడే ఊడిన పన్నులో బతికి ఉన్న కణాలు కొన్ని మిగిలి ఉంటాయి. వాటిని నాడీకణాల వైపు మళ్లించాలని శాస్త్రజ్ఞులు రెండు దశాబ్దాలకు పైగా ప్రయత్నిస్తున్నారు. ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మూలకణం అంటే ఏమిటి?

మన శరీరంలో చాలా కణాలకు ఒక్కో పని ఖాయమై ఉంటుంది. కండర కణం సంకోచిస్తుంది. ఎర్ర రక్తకణం ఆక్సిజన్‌ను మోస్తుంది. ఇలా పని ఖాయం కాని కణాలు కూడా కొన్ని ఉంటాయి. అవి తమలాంటి కణాలను మళ్లీ పుట్టించగలవు, అవసరమైతే వేరే రకం కణాలుగానూ మారగలవు. ఇవే మూలకణాలు. ఇంగ్లీషులో వీటిని స్టెమ్ సెల్స్ అంటారు. స్టెమ్ అంటే కాండం. తెలుగులో మనం వేరు దాకా వెళ్లి ‘మూలం’ అన్నాం.

పంటికీ నరానికీ చుట్టరికం

పన్ను పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, అన్నిటికంటే లోపల మెత్తని దంతమజ్జ ఉంటాయి. రక్తనాళాలు, నరాలు ఉండేది ఈ మజ్జలోనే. పుచ్చు ఇక్కడిదాకా చేరితే ఎంత నొప్పో మనలో కొందరికి తెలుసు.

2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన స్టాన్ గ్రాంథోస్, సాంగ్‌టావో షీ బృందం జ్ఞానదంతాల మజ్జలో మూలకణాలున్నాయని చూపించింది. షీ పిల్లల దంతవైద్యుడు కూడా. ఆరేళ్ల కూతురికి ఊడిన పన్నులో ఎర్రని కణజాలం కనిపించడంతో ఆయన దృష్టి పాలపళ్ల మీదికి మళ్లింది. వాటిలోనూ మూలకణాలున్నాయని 2003లో తేలింది. ఒక్కో పన్నులో దొరికినవి సుమారు 12 నుంచి 20 మాత్రమే. అయినా పోషక ద్రవంలో అవి బాగా వృద్ధి చెందుతాయి.

మరి నరాల కోసం పంటిని వెతకడం ఎందుకు? పిండం నాలుగో వారంలో వీపు వైపు ఉన్న పొర ముడుచుకుని గొట్టంలా మారుతుంది. మెదడు, వెన్నుపాము ఆ గొట్టం నుంచే ఏర్పడతాయి. ఆ ముడత అంచుల నుంచి కొన్ని కణాలు విడిపోయి వలస వెళ్తాయి. వీటిని న్యూరల్ క్రెస్ట్ కణాలు అంటారు. వీటిలో కొన్ని నరాలుగా మారితే, ముఖం వైపు వెళ్లినవాటిలో కొన్ని దంతమజ్జగా మారతాయి. అంటే దంతమజ్జ, నరాలు దాయాదులన్నమాట.

మార్చేది ఎలా?

ముందుగా మజ్జను బయటికి తీసి, ఎంజైములతో కణాలను విడదీస్తారు. 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో పోషక ద్రవంలో పెంచుతారు. తర్వాత ద్రవాన్ని మార్చి, పెరుగుదలను నడిపించే ప్రొటీన్లను, విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం వంటివాటిని కలుపుతారు. క్రమంగా కణాల ఆకారం మారి, పొడవైన పోగులు వస్తాయి. నాడీకణాల్లో ఉండే ప్రొటీన్లు కూడా కనిపిస్తాయి.

ఇంతటితో అది నాడీకణం అయిపోయినట్టేనా? వేషం వేసినంత మాత్రాన రాజు కాడు. విద్యుత్ సంకేతాన్ని పుట్టించి పక్క కణానికి అందించడం నాడీకణం పని. అది జరుగుతోందా లేదా అన్నది సన్నని గాజు గొట్టాన్ని కణానికి ఆనించి, కొలిచి చూడాలి. 2008లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ పరిశోధకులు ఇలా కొలిచి, మారిన కణాల్లో సోడియం అయాన్ల విద్యుత్ ప్రవాహాన్ని గుర్తించారు. ఇది మంచి ఆరంభమే. కానీ సంకేతాలను మళ్లీ మళ్లీ పంపుతూ, తోటి కణాలతో ముడిపడి పనిచేసే పూర్తి నాడీకణాన్ని తయారుచేయడం ఇంకా కష్టమైన పని.

ఎలుకలు నేర్పిన పాఠం

జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ బృందం 2012లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించింది. వెన్నుపాము పూర్తిగా తెగిన ఎలుకలకు మనుషుల పళ్లలోని మూలకణాలను ఎక్కిస్తే, వాటి వెనక కాళ్లలో కొంత కదలిక వచ్చింది. అయితే ఆ కణాలు మారింది నాడీకణాలుగా కాదు. నరాల పోగుల చుట్టూ మైలిన్ తొడుగు చుట్టే ఆలిగోడెండ్రోసైట్ కణాలుగా మారాయి. దెబ్బతిన్న నాడీకణాలు చనిపోకుండా, తెగిన పోగులు మళ్లీ పెరిగేలా సాయపడే పదార్థాలను కూడా అవి విడుదల చేశాయి. ఇంట్లో మనిషి జబ్బుపడితే పొరుగువాళ్లు వచ్చి వంట చేసిపెట్టినట్టు, లేని కణం స్థానంలోకి రాకుండానే ఉన్న కణాలను ఆదుకున్నాయి.

మనం అడగవలసిన ప్రశ్నలు

వెన్నుపాము దెబ్బతిని మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి ‘మూలకణాలు’ అనే మాట పెద్ద ఆశ. ఆ ఆశతో వ్యాపారం చేసేవారూ ఉంటారు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో జాతీయ మార్గదర్శకాలు ఇచ్చాయి. వాటి ప్రకారం చికిత్సగా ఆమోదం ఉన్నది కొన్ని రక్తసంబంధ వ్యాధులకు చేసే రక్త మూలకణాల మార్పిడికే. మిగతావన్నీ అనుమతి పొందిన ప్రయోగాల్లో భాగంగానే జరగాలి. భవిష్యత్తు కోసం దాచిపెట్టడానికి అనుమతించింది బొడ్డుతాడు రక్తాన్నే. దంతమజ్జను అలా దాచే వ్యాపారానికి అనుమతి ఇవ్వలేదు.

ఇంట్లో పెద్దలకు ఇలాంటి వార్తలు చదివి చెప్పేది చాలాసార్లు మనమే. కాబట్టి చదివేటప్పుడు ఈ ప్రశ్నలు వేసుకుందాం:

1. ఈ ఫలితం వచ్చింది గాజు పాత్రలోనా, ఎలుకలోనా, మనిషిలోనా?
2. ఆ కణం నాడీకణంలా కనిపించిందా, నాడీకణంలా పనిచేసిందా?
3. ప్రయోగ దశలో ఉన్నదాన్ని చికిత్స అని చెప్పి డబ్బు అడుగుతున్నారా?

ఈ మూడింటికీ జవాబు వెతికాకే ఆ వార్తను అమ్మానాన్నలకు, తాతయ్యకు చెబుదాం.